పేరున్న శిఖరాన్ని జనం తక్కువగా వెళ్లే కఠినమైన దారిలో ఎక్కడం ఎలా

పేరు మోసిన పర్వతాలకు సాధారణంగా రెండు మూడు దారులైనా ఉంటాయి. అయినా వచ్చినవారిలో అత్యధికులు ఒకే దారిన ఎక్కి అదే దారిన దిగిపోతారు. మిగిలిన దారులు రద్దీ రోజుల్లో సైతం నిశ్శబ్దంగానే ఉంటాయి. జపాన్‌లోని ఫుజి పర్వతానికి నాలుగు ప్రధానమైన దారులున్నాయి. వాటిలో యోషిదా దారి సుమారు 2300 మీటర్ల ఎత్తున మొదలవుతుంది, జనం ఎక్కువగా వెళ్లేది అటే. గోతెంబా దారి సుమారు 1440 మీటర్ల దగ్గర మొదలవుతుంది. చేరే శిఖరం 3776 మీటర్ల ఎత్తున్న ఆ ఒక్కటే అయినా, గోతెంబా దారిని ఎంచుకున్నవారు దాదాపు 860 మీటర్లు అదనంగా ఎక్కాలి. అదీ కాలు దిగబడే అగ్నిపర్వతపు ఇసుకలో, చాలా దూరం వరకు విశ్రాంతి గృహమన్నది కనబడకుండా ఎక్కాలి. ఆ దారి ఎందుకు ఖాళీగా ఉంటుందో ఈ ఒక్క లెక్కతోనే అర్థమవుతుంది.

కాబట్టి ప్రశాంతమైన దారి కోసం చూసేవారు అందమైన ఫొటోల కంటే ముందు వెతకవలసింది ఒక జవాబును: అక్కడ జనం ఎందుకు లేరు? దారి పొడవుగా ఉండడం, మొదలయ్యే చోటికి బస్సు సౌకర్యం లేకపోవడం, ఎక్కుడు ఎక్కువగా ఉండడం వంటి కారణాలైతే శిక్షణతో, ఏర్పాట్లతో వాటిని అధిగమించవచ్చు. రాళ్లు జారుతున్నాయనో, కొంతభాగం కొట్టుకుపోయిందనో, పక్షులు గూళ్లు పెట్టే కాలం గనుక మూసివేశారనో తెలిస్తే ఆ ఆలోచన మానుకోవడమే సరైనది. ఈ విషయం ఆ పర్వతాన్ని చూసుకునే పార్కు కార్యాలయాన్నో, దగ్గరలోని పర్వతారోహణ సంఘాన్నో అడిగితే ఒక్క నిమిషంలో తెలుస్తుంది. ఏడాది క్రితం ఎవరో రాసిపెట్టిన అనుభవం కంటే గత వారం ఆ దారిన వెళ్లివచ్చినవారి రెండు మాటలు ఎక్కువ విలువైనవి.

ఇంకొక విషయం కూడా ముందే గ్రహించాలి. జనం ఉన్న దారి మనకు తెలియకుండానే ఎన్నో పనులు చేసిపెడుతుంది. వేల అడుగులు తొక్కి తొక్కి వదులుగా ఉన్న రాళ్లను ఎప్పుడో దొర్లించేసి ఉంటాయి. ముందు నడిచేవారి వీపులే మనకు దారి చూపుతాయి. ఎదురుగా దిగివచ్చేవారిని చూస్తే పైన గాలి ఎలా ఉందో, ఇంకా ఎంత దూరం ఉందో తెలిసిపోతుంది. కాలు మెలిపడితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారు. నిర్జనమైన దారిలో ఈ పనులన్నీ మన మీదే పడతాయి. ఈ మార్గదర్శిలో చెప్పబోయేదంతా వాటిని ఒక్కొక్కటిగా మన చేతుల్లోకి తీసుకోవడం గురించే.

మ్యాపు ముందు ఒక సాయంత్రం

దారి కష్టమని విన్నంతలో సరిపోదు, ఎలాంటి కష్టమో తెలియాలి. స్విస్ ఆల్పైన్ క్లబ్ వాడే కొలమానంలో నడకదారులను టీ1 నుంచి టీ6 వరకు ఆరు మెట్లుగా విభజించారు. టీ3 దగ్గర సమతూకం కోసం అక్కడక్కడ చేతులు వాడవలసి వస్తుంది, టీ4 దగ్గర చేతులు వాడకుండా ముందుకు సాగలేని చోట్లు మొదలవుతాయి. అమెరికాలో వాడే యోసెమిటీ కొలమానంలో మూడో తరగతి అంటే చేతులూ కాళ్లూ కలిపి రాతిని ఎక్కడం. నాలుగో తరగతిలో జారిపడితే ప్రాణం పోవచ్చు కాబట్టి అక్కడ తాడు వాడేవారు చాలామంది. ఇంతవరకు చదునైన దారుల్లోనే నడిచినవారు ఒక్కసారిగా రెండు మెట్లు దాటకుండా, ముందుగా ఏదైనా చిన్న కొండ మీద పై మెట్టు దారిని ఒకసారి నడిచి చూసుకోవడం మంచిది.

ఆ తరువాత మ్యాపు తీసుకుని కాంటూరు రేఖలను, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసిన రేఖలను, శ్రద్ధగా చదవాలి. 1:25,000 మ్యాపు మీద ఒక సెంటీమీటరు నేల మీది 250 మీటర్లకు సమానం. రేఖకూ రేఖకూ మధ్య ఎత్తు 10 మీటర్లయితే, మీ దారికి అడ్డంగా పది రేఖలు ఒక సెంటీమీటరులో ఇమిడినచోట వాలు సుమారు 22 డిగ్రీలు ఉంటుంది. అవే పది రేఖలు నాలుగు మిల్లీమీటర్లలోకి కుదించుకుపోతే వాలు 45 డిగ్రీలు. అలాంటి చోట నిలబడటం కాదు, చేతులు వేసి పాకడమే జరుగుతుంది. ఇక్కడే ఒక హెచ్చరిక కూడా అవసరం. 10 మీటర్ల తేడాతో గీసిన రెండు రేఖల మధ్య ఎనిమిది మీటర్ల నిట్టనిలువు రాతిమెట్టు ఏ గుర్తూ లేకుండా దాగిపోగలదు. అందువల్ల మ్యాపు సుగమమని చెప్పిన చోట కూడా ఎదురుగా కనబడేదానినే నమ్మాలి.

రేఖల వరుసను బట్టి వాలు ఆకారం కూడా తెలుస్తుంది, ఇది చాలామంది పట్టించుకోని సంగతి. పైన రేఖలు దూరదూరంగా ఉండి కిందికి వెళ్లేకొద్దీ దగ్గరపడుతుంటే ఆ వాలు ఉబ్బెత్తుగా ఉందని అర్థం. పైనుంచి చూసినవారికి అక్కడ మెత్తని పచ్చిక మాత్రమే కనబడుతుంది, ఆ పచ్చిక అంచు దాటాక నేల ఎలా జారిపోతుందో కనబడదు. దిగేటప్పుడు అలాంటి వాలు మీద సొంతంగా అడ్డదారి వెతుక్కోకూడదు. వాలు ఏ దిక్కుకు తిరిగి ఉందో కూడా గమనించాలి. ఉత్తరార్ధగోళంలో ఉత్తరం వైపు వాలుల మీద ఎండ తక్కువగా పడుతుంది కాబట్టి, దక్షిణం వైపు పూర్తిగా ఎండిపోయిన తరువాత కూడా ఇటువైపు మంచు గట్టిపడి నిలిచి ఉంటుంది. క్రాంపాన్లు (బూట్లకు కట్టుకునే ముళ్ల పట్టీలు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) లేకుండా, వాటిని వాడటం నేర్చుకోకుండా అలాంటి మంచుపలక మీద అడుగు పెట్టడం తగదు.

గంటల లెక్క

1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం ఈనాటికీ పనికివస్తుంది. దాన్ని మెట్రిక్ కొలతల్లోకి మార్చుకుంటే ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకొక గంట. 8 కిలోమీటర్ల పొడవు, 1500 మీటర్ల ఎక్కుడు ఉన్న దారి అనుకుందాం. దూరానికి 1 గంట 36 నిమిషాలు, ఎక్కుడుకు రెండున్నర గంటలు, మొత్తం 4 గంటల 6 నిమిషాలు అవుతుంది. ఇది ఆగకుండా, మంచి దారిలో, దృఢంగా నడిచేవారి లెక్క. చేతులు వేసి ఎక్కవలసిన చోట్లు, దారి వెతుక్కునే ఆలస్యం, విశ్రాంతి అన్నీ కలుపుకొని నేను దీనికి సగం అదనంగా చేరుస్తాను, అంటే ఆరు గంటలు. జనం దిగే దారిన కిందికి రావడానికి మరో మూడు గంటలు. సూర్యాస్తమయం 6:30కి అయితే, అనుకోని ఆలస్యం కోసం రెండు గంటలు విడిచిపెట్టి 4:30కల్లా కింద ఉండాలి. అలా ఉండాలంటే మధ్యాహ్నం 1:30కు శిఖరం మీద ఉండాలి, ఉదయం 7:30 దాటకుండా బయలుదేరాలి. ఆరింటికే బయలుదేరితే ఇంకా మంచిది.

ఈ 1:30 అన్నదే ఆ రోజుకు అన్నిటికంటే ముఖ్యమైన అంకె. ఆ సమయానికి ఎక్కడ ఉంటే అక్కడినుంచి తిరగాలని ఇంట్లో కూర్చుని, అలసట లేనప్పుడు, కాగితం మీద రాసుకోవాలి. శిఖరం కళ్ల ముందు కనబడుతున్నప్పుడు తీసుకునే నిర్ణయం సరిగా ఉండదని నా అనుభవం. అంతేకాక, ఏ చోటు దాటితే వెనక్కి దిగడం ఎక్కడం కంటే కష్టమవుతుందో మ్యాపు మీద ముందే గుర్తించాలి. పదునైన కొండ వెన్ను మొదలయ్యే చోటో, నిలువు రాతి అడుగో అలాంటి గుర్తు కావచ్చు. దాని దగ్గర ఆగి సమయాన్ని, ఆకాశాన్ని, తోటివారి ముఖాలను చూసి ఆ తరువాతే కదలాలి.

కఠినమైన దారిన ఎక్కి సులువైన దారిన దిగడం వీలున్నంతవరకు పాటించవలసిన పద్ధతి. ఎక్కేటప్పుడు పట్టు దొరికే రాళ్లు కళ్ల ముందు ఉంటాయి, దిగేటప్పుడు అవి పాదాల కింద కనబడకుండా పోతాయి. పైగా దిగే వేళకు తొడలు అలసి, మనసు ఇంటి దారి పట్టి ఉంటుంది.

బయలుదేరే ముందు నమ్మకమైన ఒకరికి ఏ దారిన ఎక్కుతున్నారో, ఏ దారిన దిగుతారో, ఎన్ని గంటలకు కబురు చేస్తారో, ఆ గంట దాటితే ఎవరికి ఫోను చేయాలో రాసి ఇవ్వాలి. జనం ఉన్న దారిలో మీరు కనబడకపోతే ఎవరో గమనిస్తారు, ఇక్కడ గమనించేది ఆ ఒక్క మనిషి మాత్రమే. ఒంటరిగా వెళ్లేవారు ఈ దారులను మొదటిసారే ఎంచుకోకపోవడం మంచిదని నా అభిప్రాయం. ముగ్గురుంటే ఒకరికి దెబ్బ తగిలినప్పుడు ఒకరు దగ్గరుండి, మరొకరు సాయం కోసం వెళ్లగలరు.

దారి తప్పకుండా

ఫోనులో మ్యాపును ముందే దించుకుని పెట్టుకోవాలి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, కానీ చలిలో బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది కాబట్టి ఫోనును లోపలి జేబులో, ఒంటికి తగిలేలా ఉంచుకోవాలి. కాగితపు మ్యాపు, దిక్సూచి వెంట ఉండటమే కాదు, వాటిని వాడటం చేతికి అలవాటై ఉండాలి. ప్రతి అరగంటకు ఒకసారి ఆగి, మీరు నిలబడిన చోటును మ్యాపు మీద వేలితో చూపగలరో లేదో పరీక్షించుకోండి. చూపలేకపోతే ముందుకు వెళ్లకుండా, చివరిసారి చూపగలిగిన చోటికి తిరిగి వెళ్లాలి.

జనం తక్కువగా నడిచే కొండల మీద అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేవి పశువుల దారులు. ఒకసారి మబ్బు కమ్మిన ఉదయం ఒక వాలు మీద చక్కగా, చదునుగా కనబడిన కాలిబాటను నలభై నిమిషాలు పట్టుకుని నడిచాను. అది ఒక ఇరుకైన రాతి అరుగు మీద ఆగిపోయింది. గిట్టల గుర్తులు మాత్రం అక్కడినుంచి మనిషి దిగలేని వాలులోకి సాగిపోయాయి. వెనక్కి వచ్చాక చూస్తే అసలు దారి ఒక బండ వెనుకగా పైకి మలుపు తిరిగి ఉంది. ఆ రోజు నేర్చుకున్న గుర్తు ఇది: మేకలు, గొర్రెలు నడిచిన దారిలో నేల అరిగి ఉన్నా నడుము ఎత్తుకు పైన కొమ్మలు చెక్కుచెదరకుండా అడ్డంగానే ఉంటాయి. మనుషులు నడిచినచోట భుజాల ఎత్తులో కొమ్మలు విరిగి ఉంటాయి, రాళ్ల అంచుల మీద బూట్లు రాసుకున్న లేత చారలు కనబడతాయి. రాళ్లు పేర్చిన గుర్తులను కూడా మ్యాపుతో సరిచూసుకున్న తరువాతే నమ్మాలి, ఎందుకంటే వాటిని పేర్చినవారు ఎక్కడికి వెళ్తున్నారో మనకు తెలియదు. మీరు కొత్తగా రాళ్లు పేర్చడం, బాణం గుర్తులు వేయడం చేయకండి.

చేతులు వాడవలసిన చోట

చేతికర్రలను ముందే మడిచి సంచికి కట్టేయాలి, వేలాడే వస్తువులన్నీ లోపల పెట్టాలి. రాళ్లు పడే దారి అయితే హెల్మెట్ తప్పనిసరి. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు రాతికి ఆనుకుని ఉండి, నాలుగోది మాత్రమే కదలాలన్నది మొదటి సూత్రం. బరువంతా కాళ్ల మీదే ఉండాలి. చేతులతో శరీరాన్ని లాక్కుంటూ ఎక్కేవారి ముంజేతులు తొందరగా చేవ కోల్పోతాయి.

పట్టుకోబోయే ప్రతి రాతినీ ముందుగా అరచేతి కింది భాగంతో గట్టిగా తట్టి చూడాలి. కొండలో భాగమైన రాయి మందంగా, పొడిగా పలుకుతుంది. వదులుగా ఉన్న రాయి డొల్లగా మోగుతుంది, తట్టినప్పుడు రెండో చేతిని దాని అంచున పెడితే కొద్దిపాటి కదలిక కూడా వేళ్లకు తెలుస్తుంది. అనుమానం ఉన్న రాతిని మీవైపుకు లాగకూడదు, అవసరమైతే కిందికి అదిమి మాత్రమే వాడాలి. రద్దీ దారిలో ఇలాంటి రాళ్లు ఏళ్ల క్రితమే రాలిపోయి ఉంటాయి, ఇక్కడ మాత్రం మీరు ముట్టుకునే రాతిని ఆ ఏడాది ఇంకెవరూ ముట్టుకోకపోయి ఉండవచ్చు. తడిసిన నాచు పట్టిన రాయి అయితే తట్టి చూసే అవసరం కూడా లేదు, దాన్ని వదిలేయాలి.

వదులు రాళ్ల వాలు మీద గుంపుగా వెళ్లేటప్పుడు ఒకరికొకరు బాగా దగ్గరగా నడవాలి, అలా నడిస్తే దొర్లిన రాయి వేగం అందుకునేలోపే ఆగిపోతుంది. అది కుదరని ఇరుకు చీలికలో ఒక్కొక్కరే ఎక్కాలి, మిగిలినవారు పక్కన, రాయి రాని మరుగులో వేచి ఉండాలి. రాయి జారితే చిన్నదైనా సరే, కింద ఎవరూ లేరనిపించినా సరే, గట్టిగా కేక వేయాలి.

ఎక్కుతున్న ప్రతి రాతిమెట్టు దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవాలి: దీన్ని నేను దిగగలనా? దిగలేనిదాన్ని ఎక్కడమంటే వెనక్కి వచ్చే అవకాశాన్ని అక్కడే వదులుకోవడం.

ఆకాశం, ఎత్తు

సగటున ప్రతి 1000 మీటర్లకు 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడుతుంది. పర్వత పాదం దగ్గర హాయిగా 20 డిగ్రీలున్న ఉదయం, 1500 మీటర్ల పైన పదికి పడిపోతుంది. అక్కడ గాలి తోడైతే ఒంట్లోని వేడి ఇంకా త్వరగా పోతుంది. గాలి వేగం రెట్టింపైతే అది మన మీద చూపే ఒత్తిడి నాలుగింతలవుతుంది. పదునైన కొండ వెన్ను మీద ఈ లెక్క చాలా ముఖ్యం. అందుకే లోయలో చెప్పే సూచన కాకుండా శిఖరం ఎత్తుకు ఇచ్చే గాలి వేగపు సూచనను చూడాలి. నూలు బట్టలు తడిస్తే చల్లబడిపోతాయి కాబట్టి ఉన్ని గాని, త్వరగా ఆరే పాలిస్టర్ వంటి కృత్రిమ బట్టలు గాని తొడుక్కోవాలి. గాలీ వానా ఆపే పైతొడుగు, పొడిగా దాచుకున్న ఒక వెచ్చని దుస్తు, హెడ్‌ల్యాంప్, దానికి అదనపు బ్యాటరీలు, గంటకు సుమారు అర లీటరు లెక్కన నీళ్లు తప్పకుండా ఉండాలి.

మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ఆ విరామం 30 సెకన్లు, అంతకంటే తక్కువ ఉంటే పిడుగు మిమ్మల్ని చేరగల దూరంలోనే ఉందని తెలుసుకుని వెంటనే కొండ వెన్ను దిగాలి. ఒంటరి చెట్టు కిందా, తల దాచుకునే పాటి రాతి చూరు కిందా నిలబడకూడదు.

ఎత్తైన పర్వతాల్లో ఏకాంతమైన దారి మరో రకంగా కూడా పరీక్షిస్తుంది. 5895 మీటర్ల కిలిమంజారోకు వెళ్లే దారుల్లో ఉంబ్వే దారి పొట్టిది, నిటారైనది, జనం తక్కువగా వెళ్లేది. అంత నిటారుగా ఎక్కితే పలచబడుతున్న గాలికి శరీరం అలవాటుపడే వ్యవధి దొరకదు. 3000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు అదే ఎత్తున ఆగమని పర్వత వైద్యులు చెబుతారు. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి వెళ్లకూడదు. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా చీకటైనా సరే వెంటనే కిందికి దిగాలి.

శిఖరం నుంచి కిందికి

స్కాట్లండ్‌లోని 1345 మీటర్ల బెన్ నెవిస్ ఈ మొత్తం విషయాన్ని ఒక్కచోట చూపే పర్వతం. అక్కడ జనం వెళ్లే దారి, శిఖరం మీది వాతావరణ పరిశీలన కేంద్రం కోసం 1883లో వేసినది. ఉత్తరం వైపునుంచి వెళ్లే కఠినమైన దారి ముందుగా సుమారు 1220 మీటర్ల కార్న్ మోర్ జెరగ్ శిఖరానికి ఎక్కి, అక్కడినుంచి వంపు తిరిగిన సన్నని కొండ వెన్ను మీదుగా సుమారు 1060 మీటర్లకు దిగి, మళ్లీ పెద్ద పెద్ద బండల మధ్య శిఖరానికి ఎక్కుతుంది. ఇంత చేసి పైకి వచ్చినవారు ఇక సులువైన దారే కదా అనుకునే చోటే అసలు ప్రమాదం ఉంది. శిఖరం చదునుగా, రాళ్లమయంగా ఉంటుంది. మబ్బు దిగితే, నేల మంచుతో కప్పబడితే దారి కనబడదు. కుడివైపు గార్డీలూ గల్లీ, నేరుగా మరీ ముందుకు పోతే ఫైవ్ ఫింగర్ గల్లీ అనే నిటారైన రాతి చీలికలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి.

అందుకే అక్కడ కొలతలతో దిగుతారు. శిఖరం మీది సర్వే స్తంభం నుంచి గ్రిడ్ ఉత్తరాన్ని (మ్యాపు మీది నిలువు గీతలు చూపే ఉత్తరాన్ని) బట్టి 231 డిగ్రీల దిశలో 150 మీటర్లు నడిచి, అక్కడినుంచి 282 డిగ్రీలకు తిరగాలి. దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం కాబట్టి, మ్యాపు అంచున ఇచ్చిన తేడాను ముందే సరిచేసుకోవాలి. 150 మీటర్లను తెల్లని మబ్బులో ఎలా కొలవాలన్న ప్రశ్నకు జవాబు అడుగుల లెక్క. ఎడమ కాలు నేలను తాకిన ప్రతిసారీ ఒకటి లెక్కపెడితే, 100 మీటర్లకు చాలామందికి 60 నుంచి 70 వస్తాయి. మీ అంకె ఎంతో ఇంటి దగ్గరే, కొలిచిన 100 మీటర్ల మీద, సంచి మోస్తూ తేల్చుకోవాలి. మీరు వెళ్లే పర్వతం ఏదైనా దాని శిఖరం నుంచి దిగే దారికి ఇలాంటి రెండు అంకెలను మ్యాపు మీద కొలిచి, జేబులో పెట్టుకునే కాగితం మీద రాసుకుని వెళ్లండి.

ఎవరికైనా దెబ్బ తగిలితే మొదట వారిని నేల నుంచి వేరుచేసి, అంటే కింద సంచో చాపో వేసి, వెచ్చగా కప్పాలి. ఆ తరువాత ఆ దేశపు అత్యవసర నంబరుకు ఫోను చేయాలి, యూరప్‌లో అయితే అది 112. సిగ్నల్ లేకపోతే ఈల తీసి నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదుతూ ఉండాలి. చీకట్లో టార్చితో ఇదే విధంగా సంకేతం ఇవ్వాలి. నిమిషానికి మూడుసార్లు బదులు వినబడితే మీ సంకేతం చేరిందని అర్థం. అయినా సాయం మీ దగ్గరకు వచ్చేవరకు ఆపవద్దు.

క్షేమంగా కిందికి చేరాక బూట్లు విప్పకముందే, కాగితం రాసి ఇచ్చిన ఆ మనిషికి ఫోను చేసి వచ్చేశామని చెప్పాలి. ఆ మాట మరిచిపోతే, మీరు కింద నిద్రపోతున్న వేళ మీకోసం రాత్రంతా కొండ మీద వెతికేవారు ఉంటారు.